గోడే స్టేషన్ పేరు చెప్పాలి

విశాఖ మెట్రో మొదటి దశకు 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు అనుకున్నారు. పిల్లర్లు ఎక్కడ వేస్తారు, ఎవరి స్థలం పోతుంది, డబ్బు ఎక్కడిది అన్నదే ఇంతకాలం చర్చ. స్టేషన్ లోపల గోడకు ఏ టైల్ వేయాలన్నది ఎవరికీ పెద్ద విషయంగా తోచలేదు. మాకు మాత్రం అది పెద్ద విషయమే.

1904లో న్యూయార్క్‌లో భూగర్భ రైలు మొదలైనప్పుడు స్టేషన్ గోడల మీద పేర్లతోపాటు బొమ్మలూ పెట్టారు. ఆస్టర్ ప్లేస్‌లో దిగితే చెట్టు కొరుకుతున్న బీవర్ అనే జంతువు బొమ్మ ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ చోటుకు పేరిచ్చిన ఆస్టర్ కుటుంబం మొదట గడించింది ఆ జంతువు తోళ్ల వ్యాపారంలోనే. కొలంబస్ సర్కిల్‌లో తెరచాప ఓడ ఉంటుంది. లండన్‌లో 1906, 1907లో తెరిచిన మార్గాల్లో లెస్లీ గ్రీన్ అనే ఆర్కిటెక్ట్ ఒక్కో స్టేషన్‌కు ఒక్కో రంగు, ఒక్కో టైళ్ల అల్లిక వేయించాడు. భూమి కింద కొండా చెట్టూ కనిపించవు, ఆనవాలు గోడే ఇవ్వాలి. రోజూ తిరిగే మనిషి బోర్డు చదవక్కర్లేదు. కిటికీలోంచి రంగు చూసి లేస్తాడు.

మన మెట్రో నడిచేది చాలావరకు పిల్లర్ల మీదే. అయినా టికెట్ హాల్లోకి వచ్చాక ఎవరికైనా దిక్కు తెలియదు. గాజువాకలో తప్పు మెట్లు దిగితే హైవే అవతల తేలతాం. శ్రీకాకుళం నుంచి కూలికొచ్చిన మనిషికి, తెలుగు చదవడం రాని ఒడిశా కార్మికుడికి, చేపల తట్టతో వచ్చే అమ్మకు ఆ టెన్షన్ ఉండకూడదు. (తట్టతో ఆమెను లోపలికి రానివ్వాలన్నదీ మా మాటే.) ఓల్డ్ పోస్టాఫీసుకు ఉత్తరం బొమ్మ, పూర్ణా మార్కెట్‌కు కూరగాయల గంప, స్టీల్ ప్లాంటుకు కొలిమి ఎరుపు. రంగులు ఎంచడానికి ఏటికొప్పాక లక్క బొమ్మల కళాకారులు పక్కనే ఉన్నారు, వాళ్లను పిలవాలి.

గోడకు నున్నటి టైల్ మంచిదే. ఉప్పుగాలికి పట్టే మరక తుడిస్తే పోతుంది. నేలకు మాత్రం అది వద్దు, వానాకాలం గొడుగుల నీళ్లకు జారిపడతారు. చూపు లేనివారి కోసం జపాన్‌లో సెయిచి మియాకే 1965లో రూపొందించిన, కాలికి తగిలే ఉబ్బెత్తు నేల పలకలు ఇప్పుడు మనకూ తెలుసు: గీతలుంటే నడవమని, చుక్కలుంటే ఆగమని. ఆ దారి స్తంభానికో చెత్తడబ్బాకో వెళ్లి గుద్దుకోకూడదు.

ఇవన్నీ గోడలు లేచాక చూసుకుంటామంటే కాంట్రాక్టర్‌కు చవగ్గా దొరికిన టైలే 42 చోట్లా పడుతుంది. ఏ స్టేషన్‌కు ఏ రంగు, ఏ బొమ్మ, ఏ మెట్లు ఎటు దిగుతాయి అన్న పట్టికను కాంట్రాక్టు పత్రాల్లోనే చేర్చాలి. దాన్ని ముందుగా నగర ప్రజల ముందు పెట్టాలి.