వదంతులకు చోటిచ్చింది ఎవరు?

పెళ్లి బరాత్‌లో చిందేస్తున్న యువకుడు ఉన్నట్టుండి కుప్పకూలిపోతాడు. జిమ్‌లో బరువులెత్తుతూ ఇంకొకరు ఒరిగిపోతారు. సీసీ కెమెరాలో పడిన ఆ దృశ్యం సాయంత్రంలోగా ఊరూరా ఫోన్లలోకి వచ్చేస్తుంది. పోస్ట్‌మార్టం ఇంకా మొదలే కాదు, కింద కామెంట్లలో మాత్రం తీర్పు సిద్ధం: 'అంతా ఆ కరోనా వ్యాక్సిన్ వల్లే'. దేశంలో ఆ టీకాలు వేయడం మొదలైంది 2021 జనవరి 16న. ఇన్నేళ్లు గడిచినా గుండెపోటుతో ఎవరు పోయినా వేలు అటే చూపిస్తున్నాం.

2025 జూలైలో ఈ అనుమానానికి ఏకంగా ఒక ముఖ్యమంత్రి గొంతు తోడైంది. కర్ణాటకలోని హాసన్ జిల్లాలో వరుస గుండెపోటు మరణాల గురించి మాట్లాడుతూ, వ్యాక్సిన్‌కు హడావుడిగా అనుమతులివ్వడమూ ఒక కారణం కావచ్చని సిద్ధరామయ్య అన్నారు. కేంద్ర ఆరోగ్య శాఖ వెంటనే ఖండించింది. ఆ ఖండనకు ఆధారం గట్టిదే. అప్పటిదాకా ఆరోగ్యంగా ఉండి, 2021 అక్టోబరు నుంచి 2023 మార్చి మధ్య హఠాత్తుగా చనిపోయిన 18–45 ఏళ్ల వయసువారి వివరాలను 47 ఆస్పత్రుల నుంచి సేకరించి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పరిశీలించింది. టీకా వల్ల ముప్పు పెరగలేదు సరికదా, రెండు డోసులు వేసుకున్నవారిలో తగ్గింది. ముప్పు పెంచినవి వేరే ఉన్నాయి: గతంలో కోవిడ్‌తో ఆస్పత్రి పాలవడం, కుటుంబంలో అలాంటి హఠాన్మరణాల చరిత్ర, చనిపోయే ముందు ఒకటి రెండు రోజుల్లో అతిగా తాగడం, ఒంటికి మించి శ్రమపడటం. అంటే జబ్బును వదిలేసి మందును అనుమానిస్తున్నాం.

నిప్పు లేనిదే పొగ రాదు కదా అంటారు. నిజమే, ఇక్కడ కాస్త నిప్పు ఉంది. ఆస్ట్రాజెనెకా టీకా, అంటే మన కోవిషీల్డ్, చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్యకు దారితీయవచ్చని యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్‌లోనే చెప్పింది. ఆ మరుసటి నెలలో టీకా దుష్ప్రభావాలను పరిశీలించే మన కేంద్ర కమిటీ కూడా అలాంటి కేసులు 26 కనిపించాయనీ, పది లక్షల డోసులకు లెక్కేస్తే అది 0.61 అనీ ప్రకటించింది. ఆ సమస్య వచ్చినా టీకా వేసిన కొద్ది వారాల్లోనే వస్తుంది తప్ప నాలుగేళ్ల తర్వాత జిమ్‌లో రాదు. కానీ ఆ ప్రకటన ఢిల్లీలో ఒక ప్రెస్‌నోట్‌గా పుట్టి అక్కడే ఆగిపోయింది. టీకా కేంద్రం ముందు ఆధార్ కార్డు పట్టుకుని క్యూలో నిల్చున్నవారి చెవిన పడలేదు. చివరికి 2024లో ఆస్ట్రాజెనెకా లండన్ కోర్టుకిచ్చిన పత్రాల్లో అదే సంగతి కనిపించేసరికి, మూడేళ్లుగా దాచిన రహస్యం బయటపడినట్టు దేశమంతా ఉలిక్కిపడింది. చెప్పిన నిజమే అయినా వినాల్సినవాడికి వినిపించేలా చెప్పకపోతే, దాచినదానికీ దానికీ పెద్ద తేడా ఉండదు.

వదంతిని నమ్మినవాణ్ణి అమాయకుడనో మూర్ఖుడనో కొట్టిపారేయడం సులువు. కరోనా కాలాన్ని ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తే, ఆ మాట ఎవరికి ముందు వర్తిస్తుందో చెప్పడం కష్టం.

2020 ఫిబ్రవరిలో కోడి మాంసం తింటే కరోనా వస్తుందన్న ప్రచారం రెండు తెలుగు రాష్ట్రాల పౌల్ట్రీ రైతులను కుదేలు చేసింది. మేత ఖర్చు కూడా రాని ధరకు కోళ్లను వదిలించుకున్నారు, కొన్నిచోట్ల ఊరికే పంచిపెట్టారు. ఆ భయం పోగొట్టడానికి తెలంగాణ మంత్రులు కేటీఆర్, ఈటల రాజేందర్, తలసాని శ్రీనివాస్ యాదవ్ హైదరాబాద్‌లో వేదికెక్కి అందరి ముందూ చికెన్ తిన్నారు. మెచ్చుకోవాల్సిందే. మరో వారం తిరిగేసరికి, మార్చి 7న, అసెంబ్లీలో ముఖ్యమంత్రి కేసీఆర్ పారాసెటమాల్ గోలీ సరిపోతుందని తనకు తెలిసిన శాస్త్రవేత్త చెప్పారన్నారు. మార్చి 15న అమరావతిలో ముఖ్యమంత్రి జగన్ పారాసెటమాల్‌కు బ్లీచింగ్ పౌడర్‌ను కూడా జతచేశారు. ధైర్యం చెప్పాలనే ఇద్దరి ఉద్దేశం కావచ్చు. పది రోజులు తిరక్కుండానే దేశం మొత్తం తాళం వేసుకుంది. ఒక గోలీతో పోయే జబ్బుకు ఇంత లాక్‌డౌన్ ఎందుకని సామాన్యుడు అడిగితే జవాబెక్కడిది?

జనతా కర్ఫ్యూ నాటి సంగతి ఇంకా విడ్డూరం. వైరస్ ఆయుష్షు పన్నెండు గంటలేననీ, పద్నాలుగు గంటలు ఇంట్లో ఉంటే గొలుసు తెగిపోతుందనీ ఒక లెక్క ఫోన్లలో తిరిగింది. చదువుకున్నవాళ్లే ఎక్కువగా పంపారు, లెక్క చక్కగా కుదిరింది కదా! ఎండలు ముదిరితే వైరస్ చచ్చిపోతుందన్న నమ్మకం మన ప్రాంతంలో మరీ బలంగా ఉండేది. రెంటచింతల, రామగుండం ఎండలకు ఏ క్రిమి బతుకుతుందని ధీమా. 2021లో దేశంలో ఒక్కరోజులో నాలుగు లక్షలకు పైగా కేసులు వచ్చింది మే నెల మొదటి వారంలో, నడి వేసవిలో.

ఇవి నవ్వుకుని వదిలేసే రకం. కొన్ని అలా పోలేదు. 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో టిక్‌టాక్ వీడియో చూసి, ఉమ్మెత్త గింజలు నూరి తాగి పది మందికి పైగా ఆస్పత్రిలో చేరారు. ఉమ్మెత్త కాయ ఆకారం వైరస్ బొమ్మలా ఉంది కాబట్టి అదే విరుగుడన్నది ఆ వీడియో సారాంశం. ఇరాన్‌లో మద్యం తాగితే కరోనా రాదని నమ్మి, మిథనాల్ కలిసిన సారా తాగి వందల మంది చనిపోయారు. బ్రిటన్‌లో 5జీ టవర్లే వైరస్‌ను మోస్తున్నాయని వాటికి నిప్పు పెట్టారు. అదే 5జీ కథ 2021 మేలో మన దగ్గరికీ వచ్చింది. అప్పటికి దేశంలో 5జీ సేవలే లేవు, మరో ఏడాదిన్నర దాకా రాలేదు.

ఇక కృష్ణపట్నం. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలోని ఆ ఊరికి ఆనందయ్య అనే నాటువైద్యుడు ఇచ్చే కరోనా మందు కోసం వేలాది మంది తరలివెళ్లారు. అంబులెన్సుల్లో, ఆక్సిజన్ సిలిండర్లతో వచ్చినవారూ ఉన్నారు. టీవీ చానళ్లు పొద్దస్తమానం అక్కణ్నుంచే ప్రసారం చేశాయి. కంట్లో చుక్కలు వేయించుకోగానే లేచి కూర్చున్నానని వీడియోలో చెప్పిన ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు కొద్దిరోజులకే ఆస్పత్రిలో చనిపోయారు. వీడియో చేరినంత దూరం ఆ వార్త చేరలేదు.

ఆ రోడ్డు మీద క్యూ కట్టినవారిని తప్పుపట్టే ముందు ఆ నెలలో ఇంకేం జరిగిందో గుర్తుచేసుకోవాలి. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ ట్యాంకర్ ఆలస్యమై, అధికారిక లెక్కల ప్రకారమే 11 మంది ఊపిరాడక పోయారు. ఐసీయూ బెడ్ కోసం ఎమ్మెల్యేల సిఫార్సులు కూడా పనిచేయని రోజులవి. ఖర్చు లేకుండా, కసురుకోకుండా, 'తగ్గిపోతుంది నాయనా' అని ఒకాయన మందు చేతిలో పెడుతుంటే జనం వెళ్లారు. అందులో వింతేం లేదు. వింతంతా ప్రభుత్వం వ్యవహరించిన తీరులో ఉంది. మందు పంపిణీ ఆపించారు, పరీక్షలకు పంపారు. కరోనా తగ్గుతుందనడానికి ఆధారం లేదు, హాని కూడా కనిపించలేదన్న నివేదిక వచ్చాక మే 31న కంటి చుక్కలు తప్ప మిగతావాటికి అనుమతిచ్చారు. 'హాని లేదు' అన్న మాట ఊళ్లోకి వెళ్లేసరికి 'సర్కారు ఒప్పుకున్న మందు' అయింది. అది అలాగే అర్థమవుతుందని అనుమతిచ్చినవారికి తెలియదనుకోలేం.

నాటుమందు ఒక్కదాన్నే బోనులో నిలబెడితే న్యాయం కాదు. కోలుకున్నవారి రక్తం నుంచి తీసిన ప్లాస్మాను ఎక్కించే చికిత్స వల్ల మరణాలు తగ్గడం లేదని ఐసీఎంఆర్ 39 ఆస్పత్రుల్లో జరిపిన పరీక్షలోనే 2020లో తేలింది. అయినా చికిత్సా మార్గదర్శకాల నుంచి దాన్ని తీసేసింది 2021 మే 17న. ఈలోగా రెండో వేవ్‌లో ప్లాస్మా దాతల కోసం ఎన్ని కుటుంబాలు రాత్రంతా ఫోన్లు చేశాయో! రెమ్‌డెసివిర్‌ను ఆస్పత్రి రోగులకు వాడొద్దని 2020 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తే, 2021 ఏప్రిల్‌లో అదే ఇంజెక్షన్ మన నగరాల్లో బ్లాక్‌లో నడిచింది. చీటీ రాసిచ్చింది వాట్సాప్ కాదు, కార్పొరేట్ ఆస్పత్రి. స్టెరాయిడ్లు ఇష్టారాజ్యంగా వాడటం, అదుపులో లేని షుగర్ కలిసి బ్లాక్ ఫంగస్ విజృంభిస్తుంటే, జనం ఆ ఫంగస్ ఇదేననుకుని ఫ్రిజ్‌లో ఉల్లిపాయల మీది నల్ల మచ్చలు తుడుచుకుంటూ కూర్చున్నారు.

అపోహలు తొలగించే పని నెత్తికెత్తుకున్నవారే పొరబడిన సందర్భం ఒకటుంది. దాని గురించి తగినంత చర్చ జరగలేదు. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ 'నిజం' అని పెద్దక్షరాలతో రాసి మరీ, కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదని ప్రకటించింది. మామూలు జనమంతా మాస్కు పెట్టుకోవాలని చెప్పడానికి జూన్ దాకా ఆగింది. గాలిలోనూ వ్యాపిస్తుందని స్పష్టంగా ఒప్పుకోవడానికి ఏడాదికి పైగా తీసుకుంది. ఆలోగా మనం పాల ప్యాకెట్లకు సబ్బు రుద్దాం, నోట్లకు ఇస్త్రీ చేశాం, వీధుల్లో ట్యాంకర్లతో హైపోక్లోరైట్ అనే క్రిమిసంహారక ద్రావణం చల్లించాం. రోడ్ల మీద చల్లి లాభం లేదని అదే సంస్థ 2020 మేలో చెప్పినా మున్సిపాలిటీలు ఆపలేదు, ఎందుకంటే అది ఫొటోలో బాగా కనిపించే పని. కిటికీలు తెరవండి, ఏసీ హాళ్లలో గుమిగూడకండి అన్న మాట మాత్రం గట్టిగా వినిపించలేదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆస్పత్రుల గాలి నమూనాలు పరీక్షించి, కోవిడ్ రోగులున్న చోట గాలిలో వైరస్ దొరుకుతోందని చూపించారు. ఈ సంగతి వార్డు వాలంటీర్ దాకా, ఆశా కార్యకర్త దాకా వెళ్లి ఉంటే ఎన్ని ఇళ్లలో కిటికీలు తెరుచుకునేవి? సైన్స్ తన తప్పు తాను దిద్దుకుంటుంది, అది దాని బలం. అయితే ఇంకా తేలని విషయాన్ని 'నిజం' అని ముద్ర కొట్టి చెబితే, రేపు దిద్దుకున్నప్పుడు నమ్మేవారుండరు. 'ఇప్పటికి తెలిసింది ఇంత, మిగతాది తేలాలి' అని చెప్పడానికి నామోషీ దేనికి?

మనుషుల మధ్య చిచ్చు పెట్టిన అబద్ధాలు వీటన్నిటికంటే నీచమైనవి. 2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ (తబ్లిగీ జమాత్ అనే ముస్లిం మత ప్రచార సంస్థ కేంద్రం) నుంచి వచ్చినవారిలో కేసులు బయటపడ్డాయి. ఎవరెవరు వెళ్లొచ్చారో వెతికి పరీక్షలు చేయడం అవసరమైన పనే. దాన్ని ఒక మతం పన్నిన కుట్రగా మార్చి, పండ్ల బండి వాడి పేరు అడిగి మరీ కొనడం మానేసే దాకా తీసుకెళ్లారు. విదేశీ తబ్లిగీలను బలిపశువులను చేశారని బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి 2020 ఆగస్టులోనే వ్యాఖ్యానించింది. వారికి ఆశ్రయమిచ్చారని 70 మంది భారతీయుల మీద పెట్టిన కేసులను ఢిల్లీ హైకోర్టు 2025 జూలైలో కొట్టేసింది. కుట్ర కథకు రాత్రికి రాత్రే వచ్చిన ప్రచారంలో పదో వంతు కూడా ఈ తీర్పులకు రాలేదు. 2020 ఏప్రిల్‌లో నెల్లూరు డాక్టర్ ఒకరు చెన్నైలో కోవిడ్‌తో చనిపోతే, శవం నుంచి వైరస్ వస్తుందన్న భయంతో అంబత్తూరు శ్మశానంలో దహనానికి అడ్డుపడ్డారు. వైద్యం చేసే మనిషికి దక్కిన గతి అది.

వీటన్నిటికీ పరిష్కారంగా ప్రభుత్వాలకు తోచేది ఒకటే: కేసులు పెట్టడం, 'ఫేక్' అని ఎర్ర ముద్ర వేయడం. డబ్బు కోసమో విద్వేషం కోసమో తెలిసి పుట్టించేవారిని శిక్షించాల్సిందే. భయంతో ముందుకు పంపే అత్తయ్యకూ మామయ్యకూ కావాల్సింది మాత్రం జవాబు. అది కూడా వేళకు, తెలిసిన మనిషి నోట. ఊరి ఏఎన్ఎమ్, ఆశా అక్క, పీహెచ్‌సీ డాక్టరు చెబితే నమ్మినంతగా మంత్రి ప్రెస్‌మీట్‌ను నమ్మరు. ఆ రోజుల్లో వారి చేతికి జ్వరం సర్వే కాగితాలిచ్చారు, టార్గెట్లిచ్చారు. ఇంటి దగ్గర జనం అడిగే ప్రశ్నలకు ఏం చెప్పాలో ఎవరూ చెప్పలేదు.

అంకెల విషయంలోనూ అంతే. 2020లో తెలంగాణ ప్రభుత్వ కరోనా బులెటిన్లలో సమాచారం చాలడం లేదని హైకోర్టు పదేపదే మందలించాల్సి వచ్చింది. శ్మశానంలో కాలుతున్న చితులకూ సాయంత్రం బులెటిన్‌కూ పొంతన లేదని కళ్లారా చూసిన మనిషి, మర్నాడు అదే ప్రభుత్వం టీకా సురక్షితమంటే అనుమానంగా చూడడా? దేశంలో 2020లో 81 లక్షలకు పైగా మరణాలు నమోదైతే 2021లో కోటీ రెండు లక్షలయ్యాయి. కోవిడ్ అధికారిక లెక్క, మొదటినుంచి ఇప్పటిదాకా అన్నేళ్లదీ కలిపినా, అయిదు లక్షల ముప్పై వేల చిల్లర. 2021 నమోదు లెక్క మన ముందుకొచ్చింది 2025 మేలో.

2025 జనవరిలో హెచ్ఎంపీవీ పేరుతో 'చైనా నుంచి మరో వైరస్' అంటూ మళ్లీ టెన్షన్ మొదలైంది. అది 2001లోనే గుర్తించిన పాత వైరస్ అని చెప్పేసరికి మాస్కుల రేట్లు, స్కూళ్ల సెలవుల మీద పోస్టులు తిరిగేశాయి. ఇంకో మహమ్మారి వచ్చేదాకా ఆగకుండా రెండు తెలుగు రాష్ట్రాలూ ఇప్పుడే చేయగల పని ఒకటుంది. దేశంలో నమోదవుతున్న మరణాల్లో కారణాన్ని డాక్టరు ధ్రువీకరించినవి నాలుగో వంతు కూడా ఉండటం లేదు. నలభై ఏళ్లలోపువారి ప్రతి హఠాన్మరణానికీ కారణం నిర్ధారించి, పేర్లు లేకుండా జిల్లాలవారీగా మూడు నెలలకోసారి ప్రకటించాలి. 2021 నాటి అదనపు మరణాల లెక్కను కూడా జిల్లాలవారీగా, కారణాలతో సహా బయటపెట్టాలి. రెండు ఆరోగ్య శాఖల దగ్గరా ఈ వివరాల్లో ఎన్ని ఉన్నాయో వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో ఏ ఎమ్మెల్యే అడిగినా చాలు.