అడెల్ వెళ్లిపోతుంటే గుత్తి వంకాయ

నెలరోజులుగా వాయిదా వేస్తున్న ‘అడెల్ హెచ్ కథ’ నిన్న రాత్రి చూద్దామని కూర్చున్నాను. 1975లో ఫ్రాన్స్వా త్రూఫో తీసిన సినిమా. ఫ్రెంచ్ రచయిత విక్టర్ హ్యూగో కూతురు అడెల్, తనను వద్దన్న బ్రిటిష్ సైనికాధికారి వెంటపడి, అట్లాంటిక్ దాటి ఇప్పటి కెనడాలోని హాలిఫాక్స్ చేరుతుంది. మారుపేరు, అద్దె గది, రాత్రంతా కాగితాలపై రాతలు. అడెల్‌గా నటించిన, చిత్రీకరణ నాటికి ఇరవై నిండని ఇజబెల్ అజానీ కళ్లు చూస్తుంటే ప్రేమ కాదు, భయం వేస్తుంది.

చూడనిస్తేగా! పక్కనే బాబాయి. ఐదు నిమిషాలకొక సందేహం.

“ఇంతకీ పెళ్లవుతుందా?”

“అవదు బాబాయ్.”

“మరి దేనికమ్మా చూడటం?”

పోనీ లేచి వెళతాడా అంటే, అదీ లేదు. అక్కడే ఫోను తీశాడు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే చెవులు పాడవుతాయట. నా చెవుల సంగతి ఎవరికి కావాలి?

చివర్లో కరీబియన్ దీవి బార్బడోస్‌లో, ఒక వీధిలో ఆ అధికారే ఎదురుగా వచ్చి నిలబడతాడు. ఎవరికోసం సముద్రాలు దాటిందో అతన్నే గుర్తుపట్టకుండా, చిరిగిన బట్టలతో పక్కనుంచి నడిచి వెళ్లిపోతుంది. నేను ఊపిరి బిగబట్టాను. సరిగ్గా అప్పుడే బాబాయి ఫోనులో ఎవరో మూకుడులో పోపు వేశారు.

గుత్తి వంకాయట. కొబ్బరి వేస్తే రుచి చెడుతుందట.