మా ఇంటి గోడల్లో కాపురముంటున్న చెమ్మగారికి

మహారాజశ్రీ చెమ్మగారి దివ్యసముఖానికి, ఈ ఇంటి రెండో కోడలు నమస్కరించి రాసుకునే మనవి.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు, గోడ మీదే కనిపిస్తోంది. మొన్నటి వానలకి పడమటింట్లో దేవుడి గూడు దాకా ఎక్కేశారు. ఇదే ఊపులో వెళ్తే సంక్రాంతికల్లా దూలాలు అందుకునేలా ఉన్నారు.

ఇన్నాళ్ళూ రంగులు వేయించిన ప్రతిసారీ మీకొక్క మాట చెప్పకుండా వేయించేశాం. ఇంటిపెద్దని అడక్కుండా ఇంట్లో పని మొదలెడితే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. అందుకే ఈసారి ఇసక తోలించకముందే మీకు రాస్తున్నాను. సంక్రాంతికి అందరూ వస్తున్నారు, ఇల్లు బాగు చేయించాలనుకుంటున్నాం. బడ్జెట్ రెండు లక్షలు. ముగ్గురన్నదమ్ములూ తలా కొంత వేసుకోవాలని మాట. సలహాలు మాత్రం ఎవరూ తలా కొంత అనుకోలేదు, ఎవరికి వారు పూర్తి మొత్తం ఇచ్చేశారు.

మీరు ఈ ఇంట్లో మా అందరికంటే సీనియర్. మా మామగారి తాతగారు ఈ మండువా లోగిలి కట్టించినప్పుడు ఊళ్ళో సిమెంటు ఊసే లేదట. కాల్చిన ఇటుక, గానుగలో తిప్పిన సున్నం, బర్మా టేకు దూలాలు, పైన పెంకు. ఇప్పుడు ప్రతి ఇంటికీ పునాది మట్టంలో డీపీసీ అని ఒక పొర వేస్తారు చూడండి, నేలలో నీరు గోడలోకి ఎక్కకుండా, అది మా ఇంటికి లేదు. దీపం వత్తికి నూనె ఎక్కినట్టు ఇటుకలోని సన్న రంధ్రాల్లోంచి నీరు పైకి పాకుతుంది. మీరు ఆ దారినే వచ్చారు. గృహప్రవేశానికి పిలవకపోయినా వచ్చిన మొదటి అతిథి మీరే, వెళ్ళని అతిథి కూడా మీరే.

మీ వంశం కూడా సామాన్యమైంది కాదు. 1852లో కాటన్ దొరగారు ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేయించాక డెల్టా నిండా కాలువలు పారాయి. మాకు అన్నం దొరికింది, మీకు ఇళ్ళు దొరికాయి. ఏటా ఆయన పుట్టినరోజుకి ఊరూరా విగ్రహాలకి దండలు వేస్తాం కదా, న్యాయంగా అందులో ఒక దండ మీ తరఫున పడాలి.

కాలువలతో మీ సంబంధం ఎంత గట్టిదో మా పెయింటు కాంట్రాక్టరుకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఎండాకాలం మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. మీరు కూడా సెలవు మీద కిందికి దిగుతారు. గోడలు ఎండి గలగలమంటాయి. సరిగ్గా ఆ మే నెలలో ఆయన దిగి, అద్దంలా రంగు వేసి, ఫొటోలు తీసుకుని, ఆఖరి రూపాయితో సహా లెక్క తేల్చుకుని వెళ్ళిపోయాడు. జూన్‌లో నీళ్ళు వదిలారు. మీరు డ్యూటీలో జాయినయ్యారు. ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు.

మీకు సాయం చేసేవాళ్ళకి కొదవ లేదు. మా అత్తయ్యగారు కాపురానికి వచ్చిన కొత్తలో వీధి అరుగెక్కాలంటే నాలుగు మెట్లు ఉండేవట. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు, దాని మీద ఇంకో సిమెంటు రోడ్డు పోసుకుంటూ వచ్చేసరికి ఇప్పుడు వీధిలోంచి మా గుమ్మంలోకి దిగాలి. అభివృద్ధి పైకి వచ్చింది, మేం కిందకి పోయాం. వానపడితే డ్రెయిన్ నీళ్ళు మా గోడ వారగా నిలబడి మీకు జలాభిషేకం చేస్తాయి. ఊరి చివర వరి చేలు రొయ్యల చెరువులయ్యాక మీకు ఉప్పుకీ లోటు లేకుండా పోయింది. నీటిలో కరిగిన ఉప్పుని మీరు మోసుకుంటూ పైకి తెస్తారు, నీరు ఆరిపోతుంది, ఉప్పు రంగు వెనక గడ్డకట్టి దాన్ని ముందుకు నెడుతుంది. హాల్లో గోడ మీద అలా ఉబ్బిన బుడగల్ని మా పిల్లలు ఒక్కొక్కటీ వేలితో పొడుస్తారు. టప్‌మని పగిలి తెల్లటి పొడి జారుతుంది. వాళ్ళకి వేరే ఆటవస్తువులు కొనే ఖర్చు మాత్రం మీవల్ల తప్పింది, ఆ మేలు మరవను.

గాదె గదిలో 1986 ఆగస్టు వరద ఎక్కడిదాకా వచ్చిందో మామగారు బొగ్గుతో గీసిన గీత ఉంది. దాని మీద రంగు పడనివ్వరు అత్తయ్యగారు. ఏ మాటకామాట, గోదారమ్మ అయినా ఒకసారి వచ్చి, చూసుకుని, దిగిపోయింది. మీరు ఆ గీత కూడా దాటేశారు.

ఇక అసలు సంగతి. మేం మిమ్మల్ని తగ్గించాలని ఎప్పుడూ అనుకోలేదు. మీరు కనిపించకుండా ఉంటే చాలనుకున్నాం. అక్కడే డబ్బంతా పోయింది. మొదట పుట్టీ. నలభై కిలోల బస్తాలు ఎడ్లబండి మీద దిగితే ఊరంతా మాకు లాటరీ తగిలిందనుకుంది. తర్వాత చెమ్మని తట్టుకుంటుందని చెప్పిన రంగు డబ్బాలు. గ్యారంటీ కాగితం మీద ఏళ్ళ అంకె ఇంత లావున ఉంది. కింద చీమతలకాయంత అక్షరాల్లో ‘నేల నుంచి ఎక్కే చెమ్మకు వర్తించదు’ అని ఉంది. మిమ్మల్ని ఆపడానికి కొన్న డబ్బా, మీకొక్కరికే మినహాయింపు!

ఆ తర్వాత ఆడపడుచుగారి సలహా మీద హాల్లో నడుము ఎత్తు దాకా టైల్స్ అతికించాం. మీరు టైల్స్ వెనకనుంచి ఎక్కి, వాటిపైన ప్రత్యక్షమయ్యారు. ఇదివరకు మోకాళ్ళ దగ్గర ఉండే మరక ఇప్పుడు వచ్చినవాళ్ళ కళ్ళకి ఎదురుగా ఉంటోంది. కింద ఎర్ర గచ్చు తీసేసి విట్రిఫైడ్ టైల్స్ వేయించాక నేలలోంచి ఆరిపోవాల్సిన తడి కూడా గోడకే బదిలీ అయింది. పెరటి గదిలో పీవీసీ ప్యానెళ్ళు కొట్టించాం. వాటి వెనక చెక్కబద్దల్లో మీరూ చెదలూ కలిసి ఏం సంసారం చేస్తున్నారో నేను అడగను, మీరు చెప్పకండి.

మా వాట్సాప్ గ్రూపులో ఒక్కరు కూడా మీ పేరెత్తరు. ‘గోడ కొంచెం డల్‌గా ఉంది’ అంటారు. హైదరాబాద్‌లో ఉండే బావగారు ఆ మధ్య ఏదో గోదావరి రుచుల హోటల్‌కి వెళ్ళి, గుమ్మం దగ్గర నిలబెట్టిన పాత టేకు స్తంభం ఫొటో పంపించారు. ‘మన ఇంట్లో ఇలాంటిది ఒకటి పెడితే లుక్కే మారిపోతుంది’ అని కింద రాశారు. మన మండువా చుట్టూ అలాంటివి ఎనిమిది ఉన్నాయి. వాటికి చిలకపచ్చ ఆయిల్ పెయింటు ఎవరి పెళ్ళికి కొట్టించారో ఆయనకి గుర్తుండాలి, పెళ్ళికొడుకు ఆయనే. ఈ చుట్టుపక్కల లోగిళ్ళు పడగొట్టి డాబాలు లేపుతుంటే తలుపులూ స్తంభాలూ లారీలెక్కి నగరానికి పోతున్నాయి. అక్కడ వాటికి వార్నిష్ కొడితే, వాటి నీడన కూర్చుని రొయ్యల వేపుడు తినడానికి మనవాళ్ళే క్యూ కడుతున్నారు. మా ఎనిమిదింటికీ ఆయిల్ పెయింటు గీకించడానికి కావలసింది ఉప్పుకాగితం, ఒక మనిషి కూలి, తర్వాత పూతకి కాస్త లిన్సీడ్ ఆయిల్. అంత చవగ్గా అయిపోయే పని కాబట్టే ఎవరూ సలహా ఇవ్వలేదు.

ఫాల్స్ సీలింగ్ సంగతి న్యూజెర్సీలో ఉన్న మరిది చెప్పాడు. పెంకు కింద వేడంతా పైకి పోవడానికే అంత ఎత్తులో వాసాలు పెట్టారని, దానికి మూత పెడితే పైన పిల్లులు, కింద మనం ఉడుకుతామని అత్తయ్యగారు వీడియో కాల్‌లోనే తేల్చేశారు. ఆ అంకం అక్కడితో సరి.

చివరికి ఒక పాత తాపీమేస్త్రిని పిలిపించాం. వయసు మీద పడింది, ఇప్పుడు కొత్త పనులు ఒప్పుకోవడం లేదు. వచ్చి కూర్చోలేదు, కాఫీ తాగలేదు. తాపీ వెనక్కి తిప్పి గోడ పొడుగునా టకటకా కొట్టుకుంటూ పోయాడు. పైన గట్టిగా పలికిన గోడ నడుము కిందకి వచ్చేసరికి డొల్లగా పలికింది. అక్కడ తాపీ మొన దూర్చి ఒక్కసారి లేపాడో లేదో, తలుపు రెక్కంత పెచ్చు ఊడి కాళ్ళ దగ్గర పడింది. తిప్పి చూపించాడు. ముందు క్రీము రంగు, దాని వెనక పుట్టీ, దాని వెనక వేలెడు మందాన సిమెంటు, సిమెంటుకి అంటుకుని వచ్చిన పాత వెల్ల. అందులో ఒక పొర లేత గులాబీ, ఒక పొర ఆకుపచ్చ, అన్నిటికంటే అడుగున నీలిమందు కలిపిన తెలుపు. అత్తయ్యగారు కళ్ళజోడు సవరించుకుని, ‘ఈ గులాబీ రంగు మీ మావయ్యగారి చెల్లెలి పెళ్ళికి వేయించింది’ అన్నారు. ఇంట్లో ఎన్ని శుభకార్యాలు జరిగాయో ఆ పెచ్చు లెక్క చెబుతోంది.

‘సున్నం గోడకి సిమెంటు కొట్టించేశారు కదండీ, లోపలి నెమ్ము బయటికెళ్ళడానికి దారేదండీ మరి? అది పైకే పోద్దండి’ అన్నాడు మేస్త్రి.

‘మరైతే సున్నమే పెట్టండి’ అన్నాను.

‘పెట్టొచ్చండి. సున్నం నానాలండి, ముందు గోడ ఆరాలండి, పెట్టాక మళ్ళీ అది ఆరాలండి. మీరేమో పండక్కి కావాలంటారు. పుట్టీ అయితే మా కుర్రోళ్ళు నాలుగు రోజుల్లో తేల్చేస్తారండి. మళ్ళీ రెండేళ్ళకి వాళ్ళే వచ్చి గీకుతారు. ఆళ్ళకీ పనుండాలి కదండీ.’

ఇంత నిజాయితీగా చెప్పినవాడు ఈ ఇంట్లో మీ తర్వాత ఆయనే.

అంతకుముందు గోడకి వరసగా రంధ్రాలు వేసి మందెక్కించే కంపెనీ కుర్రాడొకడు వచ్చి వెళ్ళాడు. అతను చెప్పిన అంకెతో ఎస్టిమేటు తడిసి మోపెడైంది. మా ఆయన ఆ కాగితం మడిచి పంచాంగంలో పెట్టుకున్నారు, మంచి రోజు వస్తే చూద్దామని.

కాబట్టి, చెమ్మగారూ, మీతో రాజీకి వస్తున్నాం. మీ మరక ఎక్కడిదాకా ఉందో, దానిపైన మూరెడు దాకా సిమెంటు పెచ్చంతా కొట్టించేస్తాం. గోడ కొన్నాళ్ళు ఒట్టి ఒంటితో ఉంటుంది, మీకు గాలి ఆడుతుంది. తర్వాత సున్నం, ఇసక, దానిమీద వెల్ల. ఉప్పు పొంగి సున్నం రాలితే రాలనివ్వండి, ఆ రాలేదేదో ఇటుక బదులు సున్నం రాలుతుంది, మళ్ళీ పూస్తాం. వీధివైపు గోడ వారగా గాడి తీసి కంకర పోయిస్తాం, అది కూడా పునాది కంటే లోతుకి పోకుండా. చూరు నీళ్ళు గోడ మొదట్లో పడకుండా రేకు తూము పెట్టించి పెరట్లోకి మళ్ళిస్తాం. స్నానాల గది నీళ్ళు ఇన్నేళ్ళూ తిన్నగా మీ కాళ్ళ దగ్గరికే పంపాం, ఆ మర్యాద కూడా ఆపేస్తున్నాం. బీరువాలు గోడకి జానెడు ఎడంగా జరుపుతాం. దీనంతటికీ కలిపి బడ్జెట్‌లో సగం కూడా కాదు.

మిగిలిన డబ్బుతో స్తంభాలు గీకిస్తాం, పెంకులు సర్దిస్తాం. అత్తయ్యగారి ట్రంకు పెట్టెలో మూలుగుతున్న నర్సాపురం లేసు గుడ్డలు బయటికి తీసి కిటికీలకి కడతాం. మీ మరకకి అడ్డంగా మాత్రం వాటిని వేలాడదీయం, మాటిస్తున్నాను.

ఇందులో ఒక చిక్కుంది. ఈ పనంతా అయ్యాక ఇల్లు చూసినవాళ్ళకి ఖర్చు పెట్టినట్టే అనిపించదు. కంకర మట్టి కింద ఉంటుంది, తూము చూరు కింద ఉంటుంది, వెల్ల వెల్లలాగే ఉంటుంది. మొన్న ఒక గోడకి నమూనాగా పూసి ఫొటో పెడితే ఆడపడుచుగారు ‘ప్రైమర్ బాగా పడింది, పెయింట్ ఎప్పుడు?’ అని అడిగారు. బావగారు బొటనవేలు చూపించారు, అంటే ఫొటో తెరవలేదని అర్థం. మరిది మాత్రం పెద్ద మెసేజ్ పెట్టాడు. ఇంకా ఈ రోజుల్లో సున్నమేంటి, అమెరికాలో గోడలు ఎలా ఉంటాయో తెలుసా అని.

తెలుసు. నిన్న మా చిన్న తోడికోడలు ఫోన్ చేసినప్పుడు అడగకుండానే చెప్పింది. వాళ్ళ ఇంటికి కింద బేస్‌మెంట్ ఉందట. వాన వచ్చినప్పుడల్లా గోడల్లోంచి తడి ఊరుతుందట. గాల్లో తడి పీల్చే మెషీన్ ఒకటి రాత్రింబవళ్ళు తిరుగుతుంటే, పొద్దున్నే ఆ డబ్బాలో చేరిన నీళ్ళు పారబోయడం మా మరిది డ్యూటీ అట. రంగు కూడా ఈమధ్యే వేయించారట, గ్యారంటీ ఉందట.

ఆయన సంక్రాంతికి వస్తున్నాడు. పడమటింట్లో మిమ్మల్ని చూసి ముక్కు మూసుకుంటే మీరు నొచ్చుకోకండి. అక్కడ ఆయన ఇంట్లో దిగిన మీ వాళ్ళు ఎలా ఉన్నారో, డబ్బా రోజుకి ఎన్నిసార్లు నిండుతోందో కనుక్కోండి. నేను పక్కనే అరిసెల పళ్ళెం పట్టుకుని నిలబడతాను.

ఇట్లు,
మీరుంటున్న ఇంటి రెండో కోడలు