తీరా చూస్తే

సెప్టెంబరులో పది రోజులు గ్రీసుకు వెళ్దామని మా ఇంట్లో తీర్మానం జరిగిన రోజే, ఏజెంటు అవసరం లేకుండా ఏర్పాట్లన్నీ నేనే స్వయంగా చూస్తానని ప్రకటించాను. ఆ ప్రకటన విని నా శ్రీమతి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అమ్మాయి ఫోనులోంచి తల ఎత్తలేదు. విజయవాడ డివిజన్లో స్టేషన్ మాస్టరుగా రిటైరైన మా నాన్నగారు మాత్రం పేపరు కిందికి దించి, "జంక్షన్ ఏది?" అని ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

ఆ ప్రశ్న విలువ నాకు అప్పుడు తెలియలేదు. గ్రీసుకు చిన్నా పెద్దా కలిపి సుమారు 6,000 దీవులున్నాయనీ, వాటిలో 227 దీవుల్లో మాత్రమే మనుషులు కాపురం ఉంటారనీ చదివి, ఇన్ని దీవులున్న దేశంలో ఒకదాని నుంచి మరొకదానికి వెళ్ళడం కోనసీమలో లంక దాటినంత తేలికగా ఉంటుందని అనుకున్నాను. పటం మీద వేలితో కొలిచి, పొద్దున్నే కార్ఫూలో ఫలహారం, సాయంత్రం శాంటొరీనీలో సూర్యాస్తమయం అని రాసేశాను. వేలికి అడ్డేమీ తగల్లేదు గాని, కార్ఫూ పడమట అయోనియన్ సముద్రంలోనూ, శాంటొరీనీ తూర్పున ఈజియన్ సముద్రంలోనూ ఉన్నాయనీ, రెంటికీ నడుమ గ్రీసు దేశమే అడ్డంగా పడుకుని ఉందనీ, ఆ దేశం మీదుగా ఓడలు నడవవనీ మర్నాటికి గాని తెలియలేదు. ఈజియన్ దీవులకు వెళ్ళే ఓడల్లో చాలా భాగం ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవు నుంచే బయలుదేరతాయని చెప్పగానే, నాన్నగారు, "అదీ, అదే నీ కాజీపేట" అని మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు.

కార్ఫూను కొట్టేసి, ఒకే లైను పట్టుకున్నాను. పిరేయస్‌లో పొద్దున్న బయలుదేరిన పెద్ద ఓడ పారోస్, నాక్సోస్‌ల మీదుగా సుమారు ఎనిమిది గంటల్లో శాంటొరీనీ చేరుతుంది. స్టాపులు, సమయాలు ఉన్న ఆ పట్టిక చూసి నాన్నగారి ముఖం వికసించింది. జులై, ఆగస్టుల్లో మెల్తేమీ అనే ఉత్తరపు గాలి ఉధృతంగా వీస్తుందనీ, అది మరీ ముదిరితే ఓడలను రేవు దాటనివ్వరనీ, అందుకే సెప్టెంబరు ఎంచుకోవడమే కాక, విమానం ఎక్కబోయే ముందు ఒక రోజు ఏథెన్స్‌లో ఖాళీగా ఉంచాననీ వివరిస్తే, "మార్జిన్ పెట్టావన్నమాట" అన్నారు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో నాకు ఆయన దగ్గర దొరికిన మొదటి మెచ్చుకోలు అదే కావచ్చు. బహుశా దాని మత్తులోనే తరువాతి పొరపాటు జరిగింది.

మా అమ్మాయికి తెల్లటి ఇళ్ళు, నీలి గుమ్మటాలు ఉన్న శాంటొరీనీ కావాలి. ముఖ్యంగా అక్కడి ఈయా అనే ఊళ్ళో ఫొటో దిగాలి. (ఆ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో చూసి నేను వారం రోజులపాటు ఓయా అని పిలిచాను.) నాకేమో, క్రీస్తుకు పూర్వం దాదాపు 1600 ప్రాంతంలో అగ్నిపర్వతం పేలి, బూడిద కింద కప్పబడిపోయిన అక్రోతీరి పట్టణం చూడాలని చిరకాల కోరిక. నేను చదివిన చరిత్ర పుస్తకాల్లో ఆ పట్టణం ఉన్న దీవి పేరు థీరా. గ్రీకు లిపిలో ఆ పేరు మొదటి అక్షరం అచ్చం మన 'ఠ'లా ఉండడం వల్ల దాని మీద నాకు మరింత అభిమానం కలిగింది. కాబట్టి ఫొటోల కోసం ఒక దీవి, చరిత్ర కోసం ఒక దీవి అని న్యాయంగా పంచి, థీరాలో రెండు రాత్రులు, తరువాత శాంటొరీనీలో రెండు రాత్రులు వేరువేరు హోటళ్ళలో గదులు తీసుకున్నాను. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిరాని గదులు చవకగా వస్తాయి కనుక అవే తీసుకున్నాను.

ఇక మిగిలింది థీరా నుంచి శాంటొరీనీకి ఓడ. అది దొరకలేదు. పొద్దున దొరకలేదు, రాత్రి దొరకలేదు, తేదీలు మార్చినా దొరకలేదు. బయలుదేరే చోట థీరా అని పెట్టి, చేరే చోట శాంటొరీనీ అని కొడితే, ఆ గడి కూడా దానంతటదే థీరా అని మారిపోయేది. యంత్రం మొండికేసిందనుకుని చెరిపి మళ్ళీ కొట్టేవాణ్ణి. ఒకసారి ఎదురుగా ఉన్న థిరాసియా అనే చిన్న దీవికి పడవ ఉందని చూపించింది గాని, అది చుట్టరికం ఉన్న పేరే తప్ప మనకు కావలసిన మనిషి కాదు. రాత్రి భోజనాల దగ్గర నాన్నగారు, "తీరా నుంచి బండి దొరికిందా?" అని అడిగేవారు. థీరా అని దిద్దితే, "నీ పద్ధతి చూస్తుంటే తీరా అనడమే సబబుగా ఉంది" అనేవారు.

వీసాకు అర్జీ పెట్టే తేదీ దగ్గరపడుతోంది. ఏ రోజు ఎక్కడ ఉంటామో, ఎక్కడి నుంచి ఎక్కడికి ఎలా వెళ్తామో పట్టిక వేసి జతపరచాలి. నా పట్టికలో ఆరో రోజు గడి ఒక్కటే ఎర్రగా, ఖాళీగా ఉండిపోయింది. విధిలేక రెండో హోటలుకు ఫోన్ చేశాను. ఎవరో పెద్దావిడ తీసింది. ఆమెకు ఇంగ్లీషు అంతంత మాత్రమే కనుక, ఒక్కొక్క మాటే అడిగాను.

"శాంటొరీనీ?"

"నే, నే."

కాదంటోంది. నా గుండె జారింది.

"అయితే, థీరా?"

"నే!" అని ఆవిడ ఇంకా ఉత్సాహంగా చెప్పింది.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. నేను డబ్బు కట్టిన హోటలు శాంటొరీనీలోనూ లేదు, థీరాలోనూ లేదు. మిగిలిన 225 దీవుల్లో అది ఎక్కడుందో వెతకాలి. శ్రీమతితో చెబితే, "ఏమండీ, మనుషులుండే దీవేనా?" అని అడిగింది. ఆ రాత్రి నేను హోటలుకు సుదీర్ఘమైన ఉత్తరం రాశాను. మీ ఇంటి పెద్దావిడ రెండుసార్లు కాదన్నారనీ, అసలు మీరు ఏ దీవిలో ఉన్నారో దయచేసి తెలపాలనీ, థీరాలోని ఫలానా హోటలు నుంచి మీ దగ్గరికి రావడానికి ఏ రేవులో ఏ ఓడ ఎక్కాలో సెలవియ్యాలనీ బతిమాలాను.

మర్నాడు జవాబు వచ్చింది. "మా అమ్మ మీకు రెండుసార్లు అవునని చెప్పింది. గ్రీకులో నే అంటే అవును. శాంటొరీనీకి అధికారిక నామం థీరా. మీ మొదటి హోటలు మా వీధి చివర ఉంది. పెట్టెతో నడిస్తే నాలుగు నిమిషాలు. ఓడ అవసరం లేదు."

పదమూడో శతాబ్దంలో ఆ దీవులు లాటిన్ ప్రభువుల చేతికి వచ్చిన కాలంలో, సెయింట్ ఐరీన్ పేరిట శాంటొరీనీ అనే పేరు వాడుకలోకి వచ్చిందట. ఈ సంగతి అప్పుడు తీరిగ్గా చదివి ఇంట్లో గంభీరంగా వివరించబోయాను గాని, నాన్నగారు సాగనివ్వలేదు.

"ఒరేయ్, ముప్ఫై నాలుగేళ్ళు కాగితాల మీద బీ జెడ్ ఏ అని రాశాను, విజయవాడ అన్న బోర్డు కింద నిలబడి పచ్చజెండా ఊపాను, చుట్టాలతో బెజవాడ అని చెప్పుకున్నాను. ఇన్నేళ్ళలో బెజవాడ నుంచి విజయవాడకు బండి ఎన్నింటికని అడిగినవాడు ఒక్కడూ తగల్లేదు. వాణ్ణి ఇంట్లోనే పెంచానని తెలియదు."

గదుల డబ్బు తిరిగిరాదు కనుక రెండు హోటళ్ళూ అలాగే ఉంచాను. అర్జీకి జతపరిచే పట్టికలో ఎర్రటి గడిని కూడా శాస్త్రోక్తంగా నింపాను. ప్రయాణ సాధనం: కాలినడక. వ్యవధి: 4 నిమిషాలు. నాన్నగారు కళ్ళజోడు సవరించుకుని ఆ వరుసను రెండుసార్లు చదివి, మొదటి హోటలు గది ఖాళీ చేయాల్సింది ఎప్పుడని అడిగారు. పదకొండింటికి అన్నాను. రెండో హోటల్లో గది ఇచ్చేది ఎప్పుడని అడిగారు. మూడింటికి అన్నాను.

"నాలుగు నిమిషాల ప్రయాణానికి నాలుగు గంటల హాల్టా?" అన్నారు. "వెయిటింగ్ రూము ఉందేమో కనుక్కో. ఈసారి ఫోన్ నేను చేస్తాను."