బుసాన్ కి ఎనిమిది గంటలేనా?

జపాన్-కొరియా క్రూజ్ నుంచి వచ్చి నెల దాటింది. ఫోన్లో, పెళ్ళిళ్ళలో, చివరికి లిఫ్ట్ లో కనబడినా అందరూ అదే అడుగుతున్నారు, అంత డబ్బు పోసి వెళ్ళారు కదా ఎలా ఉంది, మేమూ వెళ్ళొచ్చా అని. ఒక్కొక్కళ్ళకీ ఒక్కో ముక్క చెప్పి చెప్పి గొంతు పోయింది, అందుకే మొత్తం ఒక్కసారే రాసేస్తున్నా. పెద్దదే అవుతుంది, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

చిన్న షిప్ ఎక్కడం మంచి పని, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. మాది రెండొందల మంది పట్టే ఓడ. నాలుగు వేల మంది ఎక్కే షిప్పులు పెద్ద రేవుల్లోనే ఆగుతాయి, అక్కడ నుంచి బస్సుల వరస, బస్సు దిగితే జెండా పట్టుకున్న గైడ్, ఆ వెనక పరుగు. మాది అలా కాదు, చిన్న ఊళ్ళ ముందు సముద్రంలోనే లంగరేసి బోట్లలో ఒడ్డుకి దింపేవాళ్ళు. ఒసాకాలో ఎక్కాం, సెటో లోపలి సముద్రం గుండా టొమొనొఉర, మియజిమ, తర్వాత కాన్మోన్ జలసంధి దాటి హగి, అక్కడ నుంచి కొరియా వైపు జేజు దీవి, బుసాన్ రేవు, మళ్ళీ జపాన్ కొచ్చి కనజావాలో దిగాం. మొత్తం పదకొండు రోజులు. అందులో కొరియా ఎంతో తెలుసా? జేజు ఒక పగలు, బుసాన్ ఎనిమిది గంటలు. నా బాధంతా అక్కడే.

ఎందుకిలా అని తిరిగొచ్చాక కూర్చుని చదివితే ఒక సంగతి తెలిసింది. జపాన్ లో 1899 నాటి నౌకా చట్టం ఒకటి ఉంది, దాని ప్రకారం వేరే దేశం జెండాతో తిరిగే ఓడ జపాన్ లో ఒక రేవు నుంచి ఇంకో రేవుకి జనాన్ని మోసే వ్యాపారం చెయ్యకూడదు. క్రూజ్ షిప్పుల్లో చాలా వాటికి బయటి దేశాల జెండాలే, కాబట్టి జపాన్ అంతా తిప్పాలంటే మధ్యలో ఎక్కడో ఒక విదేశీ రేవు తగలాలి. దగ్గర్లో ఉన్నది బుసాన్. అందుకని పొద్దున్న బుసాన్, సాయంత్రానికి మళ్ళీ సముద్రం. అంటే చాలా ట్రిప్పుల్లో కొరియా ఉన్నది కొరియా చూపించడానికి కాదండీ, కాగితాల్లో రూలు తీరడానికి. బ్రోచర్ మీద మాత్రం రెండు దేశాల తీర సంస్కృతి అని పెద్ద అక్షరాలు. నాకు ఒళ్ళు మండింది.

అసలు ఈ రెండు తీరాల కథ ఒకటే కథ అని నాకు అర్థమైంది టొమొనొఉరలో. సెటో సముద్రంలో తూర్పు నుంచి వచ్చే పోటూ పడమర నుంచి వచ్చే పోటూ ఇక్కడే కలుస్తాయి, అందుకని తెరచాప ఓడల కాలంలో అందరూ ఇక్కడ ఆగి పోటు తిరిగేదాకా కాచుకునేవాళ్ళు. రేవు ఇప్పటికీ అలాగే ఉంది, నీళ్ళలోకి దిగిపోయే రాతి మెట్లు, 1859లో కట్టిన రాతి దీపస్తంభం. పైన ఫుకుజెన్‌జి అని గుడి, దానికి ఆనుకుని ఒక హాలు. చాప మీద కూర్చుంటే ఎదురుగా తలుపులన్నీ తీసేసి ఉంటాయి, దీవులు ఫ్రేము కట్టించిన పటంలా కనిపిస్తాయి. 1711లో కొరియా నుంచి వచ్చిన రాయబారి ఒకాయన అక్కడ కూర్చుని జపాన్ మొత్తానికి ఇదే మొదటి అందం అన్న అర్థంతో చైనా అక్షరాల్లో రాసిచ్చాడట, ఆ రాత ఇప్పటికీ ఆ ఊరికి గర్వం. కొరియా రాయబారి ఇక్కడికెందుకొచ్చాడు అని గుడిలో ఉన్న పెద్దావిడని ఫోన్లో ట్రాన్స్‌లేషన్ పెట్టుకుని అడిగితే, ఆవిడ నన్ను గోడ మీదున్న మ్యాప్ దగ్గరకి తీసుకెళ్ళి బుసాన్ మీద వేలు పెట్టింది. అక్కడ నుంచి త్సుషిమ దీవి, షిమొనొసెకి, కమగరి, టొమొనొఉర, ఉషిమదో, ఒసాకా అని ఒక్కో చుక్క మీదా వేలు జరుపుకుంటూ వచ్చింది. అది మా షిప్ దారే! ఇంచుమించు అదే దారి, మేం తిరగేసి వెళ్తున్నాం, అంతే.

ఆ కథ ఇదీ. 1592లో జపాన్ ని ఏలుతున్న తొయొతొమి హిదెయొషి కొరియా మీదకి సైన్యాన్ని పంపాడు, 1598 దాకా ఆ దేశాన్ని పీల్చి పిప్పి చేశారు, వేల మందిని ఖైదీలుగా ఎత్తుకొచ్చారు. హిదెయొషి పోయాక తొకుగవ వంశం వాళ్ళు అధికారంలోకి వచ్చి సంధి కుదుర్చుకుంటే 1607 నుంచి 1811 దాకా పన్నెండు సార్లు జోసన్ రాజ్యం, అంటే అప్పటి కొరియా నుంచి రాయబార బృందాలు వచ్చాయి, ఒక్కోసారి మూడు వందల నుంచి ఐదు వందల మంది, కవులు, వైద్యులు, చిత్రకారులు, వాద్యగాళ్ళతో సహా. మొదట్లో వచ్చిన వాళ్ళ పని ఎత్తుకుపోయిన తమ మనుషుల్ని వెనక్కి తీసుకెళ్ళడం కూడా. ఆ బృందాల కాగితాల్నీ పటాల్నీ రెండు దేశాల వాళ్ళూ కలిసి అప్లై చేస్తే 2017లో యునెస్కో మెమరీ ఆఫ్ ద వరల్డ్ అనే పాత పత్రాల జాబితాలో చేర్చింది. ఇంత సంగతి ఉందా, మా షిప్ లో రోజూ సాయంత్రం లెక్చర్ పెట్టే పెద్దమనిషి దీని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. సమురాయ్ కత్తి ఎలా చేస్తారో గంటసేపు చెప్పాడు.

మియజిమ గురించి అందరూ ఫోటోలు చూసే ఉంటారు, నీళ్ళలో నిలబడ్డ ఆ ఎర్ర తోరణం, ఇప్పుడున్నది 1875లో నిలబెట్టింది, భూమిలో పాతలేదు, తన బరువుతోనే నిలబడింది. బాగుంది. జనం చాలా ఉన్నారు. అంతకంటే చెప్పేదేం లేదు.

కాన్మోన్ జలసంధి మాత్రం తెల్లవారుజామున డెక్ మీదకొచ్చి చూడండి, నిద్ర పోతే పోయింది. సన్నటి చోట ఆరేడు వందల మీటర్లే ఉంటుంది, అటు హోన్షూ దీవి ఇటు క్యూషూ దీవి, ప్రవాహం రోజుకి నాలుగుసార్లు దిశ మారుతుంది, ఒక్కోసారి పది నాట్ల దాకా, అంటే గంటకి పద్దెనిమిది కిలోమీటర్ల పైన పరుగు. ఒడ్డున పెద్ద ఎలక్ట్రిక్ బోర్డు మీద ఒక అక్షరం, ఒక అంకె, ఒక బాణం, ప్రవాహం ఎటు, ఎంత వేగం, పెరుగుతోందా తగ్గుతోందా అని ఓడలకి చెప్తూ ఉంటుంది. 1185 నాటి సముద్ర యుద్ధంలో ఓడి తైరా వంశం మొత్తం మునిగిపోయింది ఈ నీళ్ళలోనే, పసివాడైన చక్రవర్తి అంతొకుతో సహా. ఆ పిల్లాడి పేరున ఉన్న గుడి ఒడ్డునే ఉంది, రాయబారులకి విడిది కూడా అక్కడే. ఇంకో మాట, ఈ ఒడ్డునే ఉన్న షిమొనొసెకి నుంచి బుసాన్ కి 1905లో ఫెర్రీ మొదలైంది, ఐదేళ్ళకి కొరియా జపాన్ చేతుల్లోకి పోయింది, 1945 దాకా ఆ పడవల్లో ఎంతమంది కొరియా వాళ్ళు గనులకీ ఫ్యాక్టరీలకీ ఈ ఒడ్డుకి చేరారో. మన దగ్గర నుంచి రంగూన్ వెళ్ళిన ఓడల గురించి మా తాతయ్య చెప్పిన మాటలు గుర్తొచ్చి నేను కాసేపు రెయిలింగ్ వదల్లేదు. ఈ 1910-1945 గురించి కూడా లెక్చర్లో మాట లేదు. అడిగాను. సెలవులకి వచ్చిన వాళ్ళకి బరువైన విషయాలు ఎందుకండీ అన్నారు. మేం చిన్నపిల్లలమా?

హగిలో నేను ఒక టీ గిన్నె కొన్నా. మా ఆయన ధర చూసి ఏమీ అనలేదు, మొహం మాత్రం పక్కకి తిప్పుకున్నారు. హగి మట్టి పాత్రలంటే జపాన్ టీ వాళ్ళు ప్రాణం పెడతారు, మొదట రాకు రకం పాత్రలు, రెండు హగివి, మూడు కరత్సువి అని సామెతే ఉంది. ఆ పని మొదలుపెట్టింది ఎవరంటే హిదెయొషి యుద్ధంలో కొరియా నుంచి తెచ్చిన కుమ్మరి అన్నదమ్ములు, యి జాక్-గ్వాంగ్, యి గ్యోంగ్. ఇక్కడి మోరి ప్రభువు వాళ్ళని కొలువులో పెట్టుకున్నాడు, తమ్ముడికి కొరైజయెమోన్ అని పేరిచ్చాడు. కొరై అంటే కొరియానే, మనిషి ఊరే మనిషి పేరైపోయింది! గిన్నె చేతిలోకి తీసుకుంటే ఒడిలో పిల్లి పడుకున్నట్టు వెచ్చగా, మెత్తగా, కాస్త గరుగ్గా ఉంటుంది, రంగు వెన్న కలిపిన మీగడలా. పైపూత నిండా సన్నటి పగుళ్ళు, వాటిలోకి టీ ఇంకి ఇంకి ఏళ్ళ తరబడి రంగు మారుతుంది, హగి గిన్నె ఏడు రూపాలు మారుతుంది అంటారు. అడుగున చక్రంలో ఒక చోట కావాలని కోసిన గంటు ఉంది, వేలితో తడిమితే తెలుస్తుంది. ఆ గంటు ఎందుకని షాపాయన్ని అడిగితే నాలుగు కథలు చెప్పి, ఏది నిజమో మీ ఇష్టం అన్నాడు.

ఇక జేజు. షిప్ వాళ్ళు పెట్టిన టూర్ లో హేన్యోల షో ఉంది, టైమ్ ప్రకారం ఆడవాళ్ళు వచ్చి నీళ్ళలో దిగి చూపిస్తారు. నాకు మనసొప్పలేదు, మా ఆయన్ని లాక్కుని టాక్సీలో హదో-రి వెళ్ళాం, అక్కడ హేన్యో మ్యూజియం ఉంది. ఆక్సిజన్ సిలిండర్ లేకుండా, ఊపిరి బిగబట్టి పది మీటర్ల లోతుకి కూడా దిగి అబలోన్లు, శంఖాలు, సీ అర్చిన్లు ఏరుకొచ్చే ఆడవాళ్ళు వీళ్ళు. 1960ల్లో ఇరవై వేలకి పైన ఉండేవాళ్ళు, ఇప్పుడు మూడు వేల లోపే, వాళ్ళలో ఎక్కువ మంది అరవై దాటినవాళ్ళు. 2016లో యునెస్కో వీళ్ళ సంస్కృతిని గుర్తించింది. మ్యూజియం దగ్గరే ఒక స్మారకం ఉంది, 1932లో జపాన్ పాలనలో సంఘం పేరుతో తమ కష్టాన్ని చవగ్గా దోచుకుంటున్నారని ఈ ఊళ్ళ హేన్యోలే వందల మంది సంత రోజున రోడ్డెక్కారు. నీళ్ళలోంచి వచ్చిన ఆడవాళ్ళు తమ పనిముట్లే పట్టుకుని నడిచారు.

బయటికొచ్చి సముద్రం గోడ మీద కూర్చున్నాం. దూరంగా నారింజ రంగు బంతుల్లాంటివి నాలుగైదు తేలుతున్నాయి, తెవాక్ అంటారట, దానికింద వల సంచి. మనిషి కనపడదు. లెక్క పెడుతున్నా, నలభై, యాభై, అరవై... ఇంకా రాలేదు, నాకే ఊపిరాడటం లేదు. అప్పుడు నల్లటి తల ఒకటి పైకొచ్చి, హ్యూయ్ అని ఒక ఈల. పిట్ట కూత అనుకున్నా ముందు. సుంబిసోరి అంటారు, బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలితే వచ్చే శబ్దం. ఒకామె వెయ్యగానే ఇంకో పక్క నుంచి ఇంకొకటి, కాస్త బొంగురుగా. ఎవరి ఈల ఎవరిదో వాళ్ళకి తెలుస్తుందట, తెలియాలి కూడా, పక్కనామె పైకొచ్చిందో లేదో దాంతోనే కదా. గంటసేపు అక్కడే ఉన్నాం, లంచ్ మానేశాం. ఇదే ఈల సముద్రం అవతల జపాన్ లోనూ ఉంది, తోబా, షిమ వైపు అమ అనే ఆడవాళ్ళు ఇలాగే మునుగుతారు, వాళ్ళ ఈలని ఇసోబుయె అంటారు. జేజు ఆడవాళ్ళు వందేళ్ళ కిందటే జపాన్ తీరాలకి వెళ్ళి కూలికి మునిగారు కూడా. ఇది కదా రెండు దేశాల తీర సంస్కృతి అంటే!

బుసాన్ లో ఎనిమిది గంటలు అన్నాను కదా, అందులో ఇమిగ్రేషన్ లైను, బస్సు, ట్రాఫిక్ పోను మిగిలింది నాలుగు. జగల్చి మార్కెట్లో ముప్పావు గంట ఇచ్చారు. నేను వైజాగ్ దాన్ని, ఫిషింగ్ హార్బర్ వాసనలో పెరిగాను, చేపల మార్కెట్ నాకు ఎవరూ చూపించక్కర్లేదు. అయినా ఆ ఆడవాళ్ళని చూస్తే కాళ్ళు కదల్లేదు. రబ్బరు బూట్లు, రంగు రంగుల ఏప్రాన్లు, ముందు బేసిన్ నిండా బతికున్న ఈల్ చేపలు, నాతో బేరం ఆడుతూ ఇంకొకామెతో దెబ్బలాడుతూ చేతులు మాత్రం చేప తోలు తీస్తూనే ఉన్నాయి. ఒయిసో, బోయిసో, సాయిసో అని బోర్డు, రండి, చూడండి, కొనండి అని బుసాన్ యాసలో. 1950లో యుద్ధం వచ్చి దేశం దేశమే ఈ మూలకి పరిగెత్తుకొస్తే, బుసాన్ తాత్కాలిక రాజధాని అయితే, అలా ఊళ్ళు వదిలేసి వచ్చిన ఆడవాళ్ళు ఎంతోమంది ఈ ఒడ్డున చేపల గంపలు పెట్టుకుని పిల్లల్ని పెంచారు. ఒకామె నా చీర కుచ్చిళ్ళు తడుస్తాయని తన బేసిన్ పక్కకి జరిపి, స్టూల్ తుడిచి కూర్చోమంది. కూర్చోబోతుంటే గైడ్ పిలుపు. బస్సు.

అందుకే చెప్తున్నా, వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి, కానీ డబ్బు కట్టే ముందు కొరియాలో ఎన్ని రాత్రులు అని అడగండి. కనీసం మూడు పగళ్ళు లేకపోతే ఆ టికెట్ వద్దు. లేదా క్రూజ్ మానేసి ఒసాకా నుంచి రైల్లో, బస్సులో టొమొనొఉర, హగి చూసుకుని, షిమొనొసెకి నుంచి రాత్రి ఫెర్రీ ఎక్కి పొద్దున్నే బుసాన్ లో దిగండి, ఖర్చు చాలా తగ్గుతుంది, దారి మాత్రం అదే. త్సుషిమ వెళ్ళగలిగితే ఇంకా మంచిది, బుసాన్ అక్కడికి యాభై కిలోమీటర్లే, ఆకాశం తేటగా ఉంటే కొరియా కనిపిస్తుంది. మూడు వందల ఏళ్ళ కిందట అక్కడ అమెనొమొరి హోషు అనే పండితుడు ఉండేవాడు, బుసాన్ వెళ్ళి కొరియన్ నేర్చుకుని వచ్చి, ఒకళ్ళనొకళ్ళు మోసం చేసుకోకుండా కొట్లాడుకోకుండా నిజాయితీగా మెలగాలి అని తన ప్రభువుకి రాసిచ్చాడు. మా షిప్ త్సుషిమ పక్క నుంచే వెళ్ళింది. ఆ టైమ్ లో లోపల కేక్ తయారీ డెమో.

వీసా సంగతి మర్చిపోకండి. మా ట్రావెల్స్ వాళ్ళు జపాన్ సింగిల్ ఎంట్రీ చాలు అని చెప్పి చేసేశారు. కొరియా వెళ్ళి మళ్ళీ జపాన్ లో దిగిపోయే వాళ్ళకి అది చాలదు, రెండు ఎంట్రీలు కావాలి, కొరియా వీసా వేరే. మూడు వారాల ముందు నేనే ఐటినరరీ చదువుతూ పట్టుకున్నా, మళ్ళీ అప్లికేషన్, మళ్ళీ బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఆ పది రోజులు మా ఆయనకి బీపీ.

కనజావాలో దిగేటప్పుడు ఫీడ్‌బ్యాక్ ఫారం ఇచ్చారు, నేను నాలుగు పేజీలు అదనంగా తీసుకుని రాశా. షిప్ లో ఒక కొరియన్ టీచర్ ని పెట్టండి, రాయబారుల దారి గురించి చెప్పండి, హేన్యోల షో బదులు హదో-రి తీసుకెళ్ళండి, 2024 జనవరి 1న భూకంపం వచ్చి ఈ పక్కనే నోటో ద్వీపకల్పంలో సముద్రం అడుగే పైకి లేచి రేవులు ఎండిపోతే అక్కడి వజిమ ఊళ్ళో మునిగే అమ ఆడవాళ్ళు ఏమయ్యారో ఇంత దగ్గరదాకా వచ్చిన మాకు చెప్పండి అని. చదువుతారో లేదో.

మా చెల్లెలు వచ్చే ఏప్రిల్ కి బుక్ చేస్తానని నిన్న ఫోన్ చేసింది, ఇరవై శాతం డిస్కౌంట్ అక్కా అంటోంది. బుసాన్ లో ఎన్ని గంటలు ఆగుతుందో కనుక్కుని మళ్ళీ ఫోన్ చెయ్యవే అన్నాను.