బండ మీద ఊరైతే ఇంకుడు గుంత దండగా?

ఎండలు ముదిరి ట్యాంకర్లు వీధుల్లో తిరగడం మొదలవగానే వాట్సాప్‌లో ఏటా ఒకే సందేశం చక్కర్లు కొడుతోంది. హైదరాబాదు గ్రానైటు బండ మీద కట్టిన నగరమని, అందులోకి వాన నీరు దిగదని, గుంత తవ్వితే ఇంకే నాలుగు చుక్కలు ఎవరికీ చాలవని, పైగా మురికి దిగి ఉన్న బోరు కూడా పాడవుతుందని, కృష్ణా గోదావరి నీళ్ళు నల్లాల్లో వస్తుండగా ఈ ఖర్చు దండగని దాని సారాంశం. చదువుకున్నవారు సైతం ఇది నమ్మి ఉన్న గుంతలను పూడ్చేస్తున్నారు కనుక ఒక్కొక్క మాటకూ జవాబు చెప్పవలసి వస్తోంది.

ముందుగా బండ సంగతి. నగరం గ్రానైటు మీద ఉన్న మాట నిజమే కానీ అది పైనుంచి కింది దాకా ఏకశిల కాదు. పైన మట్టి, దాని కింద రాయి శిథిలమై ఏర్పడిన మొరం, ఆ కింద పగుళ్ళు పట్టిన రాయి, అన్నిటికీ అడుగున గట్టి బండ ఉంటాయి. పునాది తవ్వుతున్న చోట గట్టున నిలబడి చూస్తే ఈ పొరలు కంటికే కనిపిస్తాయి. గుప్పిట్లో నలిపితే పొడిపొడి అయ్యే ఆ మొరంలోనే ఒకప్పటి చేదబావుల నీరు నిలిచేది. వాన నీరు దిగే దారే లేకపోతే ఇన్నేళ్ళుగా మన బోర్లు తోడిన నీరు ఎక్కడిదో ఆ సందేశం పంపేవారే చెప్పాలి.

అసలు విషయం ఇంకొకటి ఉంది. ఇటువంటి రాతి నేలలో నీరు చేరి తిరిగి బయటికి రాగల ఖాళీ సుమారు 1 నుంచి 3 శాతమే. 2 శాతం అనుకుని లెక్కవేస్తే, 20 మిల్లీమీటర్ల నీరు లోపలికి చేరినప్పుడు నీటిమట్టం 1 మీటరు పెరుగుతుంది, అంతే నీటిని తోడితే 1 మీటరు పడిపోతుంది. త్వరగా నిండి త్వరగా ఖాళీ అయ్యే ఇలాంటి నేలలో, తోడిన చోటే ఏటేటా తిరిగి నింపుకోవడం తప్ప మరో మార్గం లేదు. గుంత వద్దనడానికి వారు చూపించే బండే గుంత కావాలనడానికి అన్నిటికన్నా బలమైన కారణం.

ఇక నాలుగు చుక్కల లెక్క. హైదరాబాదులో ఏటా సగటున సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 100 చదరపు మీటర్ల డాబా మీద అది 80,000 లీటర్లు. అయిదో వంతు ఆవిరికీ తడికీ పోయిందనుకున్నా 64,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు దాదాపు 13. అపార్టుమెంట్లలో ఒకే డాబాను 20 కుటుంబాలు పంచుకుంటాయి కనుక దీనితోనే ఏడాది గడుస్తుందని నేను అనను. ఇంకిన నీరంతా మన బోరుకే రాదన్నది కూడా నిజమే. పగుళ్ళ వెంట పక్కింటి బోరుకూ చేరుతుంది, వారు ఇంకించినది మనకూ వస్తుంది. అందుకే ఒక ఇల్లు కాదు, వీధి మొత్తం పూనుకోవాలి.

మురికి గురించిన భయంలో సగం న్యాయం ఉంది. రోడ్డు మీద నూనె, డ్రైనేజీ కలిసిన నీటిని వాడుకలో ఉన్న బోరులోకి నేరుగా వదలడం ముమ్మాటికీ తప్పు. డాబా నీటి సంగతి వేరు. తొలకరి జల్లుల నీటిని బయటికి వదిలేసి, తరువాతి నీటిని ఇసుక, కంకర పొరల గుండా దించితే, సెప్టిక్ ట్యాంకుకు దూరంగా గుంత తవ్వితే ఆ భయం అక్కరలేదు.

నదుల నీరు వస్తోంది కదా అన్న ధీమాకు నగర చరిత్రే జవాబు. 1908 మూసీ వరదల తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఊరి అంచునే ఉన్నాయి. అవి చాలక మంజీరాకు, తరువాత కృష్ణకు, ఆపైన ఎల్లంపల్లి దగ్గర గోదావరికి వెళ్ళాం. ఇప్పుడు వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి మోటార్లతో ఎత్తిపోసి తెచ్చుకుంటున్నా వేసవిలో ట్యాంకర్లు తప్పడం లేదు.

చివరిగా, తవ్వినా ఫలితం కనిపించలేదనేవారికి మా అపార్టుమెంటు సంగతి చెబుతాను. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ఉంది కనుక భవన నిర్మాణ అనుమతి కోసం గుంతయితే తవ్వారు. రెండేళ్ళ కిందట మూత తీయించి చూస్తే ఇసుక మీద వేలెడు మందాన సిమెంటు బురద పలకలా గట్టిపడి ఉంది. డాబా నుంచి దిగే గొట్టం గుంతలోకి రాకుండా నేరుగా వీధి కాలువలోకి పోతోంది. ఆ పలకను పగలగొట్టి, ఇసుక తీసి కడిగించి, గొట్టాన్ని గుంతలోకి మళ్ళించాం. తరువాత పడ్డ మొదటి జోరు వానకు అంచుదాకా నిండిన గుంత తెల్లవారేసరికి ఖాళీ అయింది. అప్పటి నుంచి ఏటా మృగశిర కార్తెకు ముందే ఆ ఇసుక కడిగిస్తున్నాం.