ఎటు తిరిగితే అటే ముందు

మొన్న ఎన్నికల ఫలితాల రాత్రి మా డెస్కులో ఓ కుర్ర సబ్ ఎడిటర్ తల పట్టుక్కూచున్నాడు. పైవాళ్లకు కావలసిన పార్టీ ఓడింది. బ్యానర్‌లో మాత్రం ‘ఓటమి’ అన్న మాట కనపడకూడదు. "ఏం పెట్టమంటారు సార్?" అన్నాడు. "ఈ కష్టం నీకంటే ముందు చాలామంది పడ్డారు బాబూ, టోక్యో పత్రికలు తిరగెయ్యి, 1942 నుంచి 1945 దాకా" అన్నాను. వాడికి మొదటి ఎడిషన్ తొందర. అంచేత ఆ పాఠం మీకు చెబుతున్నాను.

గెలుస్తున్నప్పుడు శీర్షిక పెట్టడానికి తెలివితేటలు అక్కర్లేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసి పోయాయి. అప్పుడు టోక్యో సబ్ ఎడిటర్‌కు చేతినిండా నిజమే. రెండు నెలలు తిరక్కుండానే అతగాడికి అసలు పని పడింది.

జూన్ మొదటి వారంలో పసిఫిక్ సముద్రంలోని మిడ్వే దీవి దగ్గర అకాగి, కాగా, సోర్యూ, హిర్యూ అనే నాలుగు విమానవాహక నౌకలు మునిగిపోయాయి. నాలుగూ జపానువే. అమెరికా పోగొట్టుకున్నది ఒకటి. జూన్ 10న దైహోన్‌ఎయ్, అంటే చక్రవర్తిగారి సైనిక ప్రధాన కార్యాలయం, లెక్క తేల్చింది: మనది ఒకటి మునిగింది, ఒకటి బాగా దెబ్బతింది, శత్రువువి రెండు మునిగాయి. శుద్ధ అబద్ధం అనడానికి వీల్లేదు. ఆదాయప్పన్ను కాగితాల్లో మనం ఆదాయం చూపించినట్టు వాళ్లు నష్టం చూపించారు, అంతే. గాయాలతో తిరిగొచ్చిన నావికులను మాత్రం ఆసుపత్రుల్లో ఎవరి కంటా పడకుండా విడిగా ఉంచారు. మిగతా లెక్క వాళ్ల దగ్గరుంది మరి.

ఈ విద్యకు తలమానికం 1943 ఫిబ్రవరిలో వచ్చింది. గ్వాదల్‌కెనాల్ దీవిలో తిండిలేక ఎండిపోయిన సైన్యంలో మిగిలిన పదివేల పైచిలుకు మందిని రాత్రిళ్లు ఓడలెక్కించి తీసుకొచ్చేశారు. పామరులు దీన్ని పారిపోవడం అంటారు. ప్రకటనలో వేసిన మాట ‘తెన్షిన్’. దిశ మార్చుకుని ముందుకు సాగడం అని దానర్థం. ఆలోచిస్తే ఇందులో తప్పేముంది? మొహం ఎటు తిప్పితే అటే ముందు. పెళ్లి భోజనాల్లో మూడు బంతులు లేచినా చోటు దొరక్క, ఇంటికొచ్చి ఆవకాయన్నం తిన్న మా బాబాయి చేసిందీ తెన్షినే.

జపానునే అంటున్నానని అనుకోకండి. జర్మన్లు వెనక్కి వస్తే ‘ఫ్రంటు సరిచేశాం’ అనేవారు, లుంగీ అంచు వంకరపోతే దర్జీ కత్తిరించినట్టు. అంతకు ముందటి, అంటే మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 జులై 1న, ఫ్రాన్సులో సోమ్ దగ్గర బ్రిటిష్ సైన్యంలో చచ్చినవాళ్లు, గాయపడ్డవాళ్లు, జాడ తెలియనివాళ్లు కలిపి ఒక్కరోజులో 57,470 మంది. లండన్ పత్రికలు చదివినవాళ్లకు దాడి దివ్యంగా సాగుతోంది.

తెల్లారి మా కుర్రాడి బ్యానర్ చూశాను. ‘ప్రతిపక్ష బాధ్యతకు సిద్ధం’. చదవకుండానే వంటబట్టింది.

ఈ పద్ధతిలో ఒక్కటే ఇబ్బంది, మ్యాపు. ఘనవిజయాలు మొదట ఎక్కడో సాలమన్ దీవుల్లో వచ్చేవి. తర్వాత సైపాన్‌లో వచ్చాయి, ఆపైన ఒకినావాలో. గెలిచినకొద్దీ యుద్ధం ఇంటికి దగ్గరవుతోంది. గెలిచినకొద్దీ పత్రికా చిక్కిపోయింది: 1944 మార్చిలో సాయంత్రం ఎడిషన్ పోయింది, ఏడాది చివరికి మిగిలింది రెండు పేజీలు. అందులోనూ వాతావరణం ముక్క ఉండదు. 1941 డిసెంబరు 8 నుంచి అది సైనిక రహస్యం. పసిఫిక్‌లో శత్రువు ఓడలెన్ని మునిగాయో లెక్కపెట్టి చెప్పే పత్రిక, గొడుగు పట్టుకెళ్లాలో వద్దో చెప్పకూడదు.

ఆ రోజుల్లోనే మైనిచి పత్రికకు బుద్ధి గడ్డితిని నిజం రాసింది. 1944 ఫిబ్రవరి 23న, వెదురు బల్లేలతో పని జరగదు, విమానాలు కావాలి, సముద్రం మీద పోరాడే విమానాలు కావాలి అని శీర్షిక పెట్టింది. ప్రధాని తోజో మండిపడ్డాడు. రాసిన విలేకరి షిన్మ్యో టకేవోకు 37 ఏళ్లు, చూపు సరిగా లేదని ఎప్పుడో మినహాయించిన మనిషి. మామూలు సిపాయిగా రమ్మని పిలుపొచ్చింది. ఆ వయసువాళ్లలో ఇతనొక్కణ్నే పిలవడమేమిటని నావికాదళం నిలదీసింది. సైన్యానికి న్యాయం కనపడింది: అదే ఈడువాళ్లను మరో 250 మందిని పిలిచి లెక్క సరిచేసింది. విలేకరి కొన్నాళ్లకు ఇంటికొచ్చాడు. ఆ 250 మంది ఏ పత్రికలోనూ ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు.

మిగతా పత్రికలకు పాఠం తలకెక్కింది. అక్టోబరులో తైవాన్ దగ్గర వైమానిక యుద్ధం. శత్రువు విమానవాహక నౌకలు 11 మునిగాయని ప్రకటన. చక్రవర్తి మెచ్చుకోలు కూడా వచ్చింది. మునిగినవి ఎన్నంటే, సున్నా. అనుభవం లేని కుర్ర పైలట్లు, చీకట్లో సముద్రం మీద మండుతూ పడ్డ తమ విమానాలనే కాలిపోతున్న శత్రువు ఓడలనుకున్నారట. అమెరికన్ అడ్మిరల్ హాల్సీ దీనికో కబురు పంపాడు: మునిగిపోయిన మా ఓడలన్నీ పైకి తీశాం, అవి శత్రువు వైపు అతివేగంగా వెనక్కి తగ్గుతున్నాయి. తెన్షిన్ అనే మాటను అంత బాగా అర్థం చేసుకున్నవాడు ఇంకొకడు లేడు. 11 మునిగాయన్న ప్రకటన అక్టోబరు 19న వచ్చింది. 20న అమెరికా సైన్యం ఫిలిప్పీన్స్‌లో దిగింది.

ఇక 1945 ఆగస్టు 15. హిరోషిమా, నాగసాకి అయిపోయాయి. మధ్యాహ్నం చక్రవర్తి రేడియోలో, యుద్ధ పరిస్థితి జపానుకు తప్పనిసరిగా అనుకూలంగా పరిణమించలేదని సెలవిచ్చారు. ఆ ‘తప్పనిసరిగా’ దగ్గర నేను కుర్చీలోంచి లేచి దణ్ణం పెట్టాను. నలభై ఏళ్లు డెస్కులో కూచున్నా నా కలానికి అలాంటి మాట తట్టలేదు. పొద్దుటి పత్రికను ఆ రోజు ప్రసంగం అయ్యాకే ఇళ్లకు పంచారు.

వారం తర్వాత, ఆగస్టు 22న, రేడియోలో వాతావరణ సూచన మళ్లీ మొదలైంది. మూడేళ్ల ఎనిమిది నెలల తర్వాత సెన్సారు వేలుపెట్టని కబురు: వాతావరణం నిలకడగా లేదు, అప్పుడప్పుడు వాన పడొచ్చు. ఆ రాత్రి టోక్యో మీదికి చిన్నపాటి తుపాను వచ్చిపడింది.